చింతగింజలని చెప్తే నమ్ముతరా? – తెలంగాణ శాసనసభ్యులకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర శాసనసభ గౌరవ సభ్యులకు,



పోయిన నెల రెండో శనివారం సాయంత్రం, నాంపల్లి స్టేషన్ దగ్గరి ఒక సందులో మేం అద్దెకు తీసుకున్న రెండో అంతస్తు గది తాళంచెవిని ఇంటాయన చేతిలో పెట్టి కిందికి దిగాను. ఆ గదిలో మూడేళ్లుగా ప్రతి శనివారం ఆరేడుగురం కూర్చుని టోర్నమెంట్ పోకర్ సాధన చేసేవాళ్లం. డబ్బు లేదు, మందు లేదు. సిగరెట్టు కాల్చాలంటే వీధిలోకి దిగాల్సిందే. చిప్స్ బదులు చింతగింజలు వాడేవాళ్లం. అష్టాచెమ్మాకు అరగదీసినట్టు ఒకవైపు బండ మీద రుద్ది తెలుపు తేల్చిన గింజ విలువ నూరు, రుద్దని గింజ విలువ ఇరవై అయిదు. ఆట ముగియగానే గింజలన్నీ ఒకే గుడ్డసంచిలోకి పోయేవి. గెలిచినవాళ్లకు దక్కేది ఒక్కటే: ఆ రోజు ఆటల్లో దేని గురించి ముందుగా చర్చించాలో వాళ్లు చెప్పేవాళ్లు.

ఇంటాయన పెద్దమనిషి. కోప్పడలేదు. తాళంచెవి ఇవ్వమని అడగడానికి ఆయనే రెండుసార్లు వచ్చి, చెప్పలేక వెనక్కి పోయాడు. మూడోసారి చెప్పాడు. “మీ మీద నాకు నమ్మకమే సార్. గని రేపు ఎవరన్న పోలీసులకు ఫోన్ కొడ్తే నేనేం చెప్పాలె? చింతగింజలని చెప్తే నమ్ముతరా?”

ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు చెప్పాల్సింది మీరు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు కూర్చునే సభాభవనం మా ఇంటి నుంచి నడక దూరం. పబ్లిక్ గార్డెన్స్‌లో పొద్దున నడిచేటప్పుడు దాని తెల్లటి గుమ్మటాలు చెట్ల మీదుగా కనిపిస్తాయి. 2017 జూన్‌లో ఆర్డినెన్సుగా వచ్చి, తర్వాత ఆ సభలోనే చట్టమైన సవరణ ఒకటుంది. 1974 నాటి గేమింగ్ చట్టంలో నైపుణ్యంతో ఆడే ఆటలకు ఉన్న మినహాయింపును అది తీసేసింది. నైపుణ్యమున్న ఆటైనా సరే, ఫలితం ముందే తెలియని దాని మీద డబ్బు గానీ మరొకటి గానీ ఒడ్డితే జూదమే అంది. ఆ సవరణ చేసిన సభ మాది కాదని మీలో చాలామంది అనవచ్చు. నిజమే. ఇన్నేళ్లుగా దాన్ని ముట్టుకోకుండా అట్లాగే ఉంచిన సభల్లో మాత్రం మీది కూడా ఉంది.

ఎందుకు చేశారో నాకు తెలియనిది కాదు. నా చిన్ననాటి స్నేహితుడొకడు ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. వాడి తమ్ముడు ఆన్‌లైన్ రమ్మీలో పడ్డాడు. ఈ సవరణ వచ్చిన తర్వాతే పడ్డాడు. తానున్న చోటును ఫోన్‌లో వేరే రాష్ట్రంగా చూపించే చిట్కా ఎవరో నేర్పితే, రాత్రిళ్లు దుప్పటి కింద ఆడాడు. పదకొండు లక్షల అప్పు తేలింది. తండ్రి కూడబెట్టి కొన్న ప్లాటు అమ్మి తీర్చారు. పోకర్ నేర్చుకుంటున్నానని నేను మొదటిసారి చెప్పిన రోజు, నాంపల్లి ఇరానీ హోటల్లో ఎదురుగా కూర్చున్న నా స్నేహితుడు సాసర్లో పోసుకున్న చాయ్ తాగకుండా పక్కకు జరిపాడు.

“నువ్వు చదువు అంటున్నవ్. మా తమ్ముడు గూడ మొదట్ల గదే అన్నడు.”

పోకర్‌కు వ్యతిరేకంగా ఇంతకంటే బలమైన మాట నేను ఏ తీర్పులోనూ చదవలేదు. దాన్ని పక్కన పెట్టి మీతో మాట్లాడను. నా స్నేహితుల్లో ఒక్కడు కూడా ఈ ఆటను నమ్మడు. గోవాలో ఒక టోర్నమెంటు ఆడి వచ్చిన ప్రతిసారీ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న “ఎన్ని పోయినయ్ రా?” అనే. ఎట్లా ఆడావని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల కళ్ల ముందు ఉన్నది మనందరం పేపర్లో చూసిన ఫొటో: వరసగా తలలు దించుకుని నిలబడిన మనుషులు, వాళ్ల ముందు బల్ల మీద పరిచిన నోట్ల కట్టలు, సెల్‌ఫోన్లు, పేకముక్కలు. ఇంటాయన కళ్ల ముందూ అదే ఫొటో. స్నేహితులకు నేను నా పద్దు పుస్తకం తెరిచి చూపించగలను. ఒకే ఫొటోను చూసి చట్టం రాసినవాళ్లకు ఏం చూపించాలి?

ఆ పద్దు మీ ముందూ పెడతాను. నేను ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. ఏడాదికి ప్రవేశ రుసుముల కింద ముప్పై వేలకు మించి ఖర్చు పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను, ఒక్కసారి కూడా దాటలేదు. ఆరేళ్లలో ఇరవై ఏడు టోర్నమెంట్లు ఆడాను. మొదటి మూడేళ్లలో పదమూడు ఆడితే ఒక్కదాంట్లో బహుమతి వచ్చింది. అరవై ఒక్క వేలు పోయాయి. తర్వాతి మూడేళ్లలో పద్నాలుగు ఆడితే నాలుగింట్లో వచ్చింది. నలభై మూడు వేలు మిగిలాయి. మొత్తం మీద పద్దెనిమిది వేలు నష్టం, రైలు, బస ఖర్చులు వేరే. ఇది సంపాదన మార్గమని ఎవరికీ చెప్పను. కానీ మొదటి మూడేళ్లకూ తర్వాతి మూడేళ్లకూ మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నది మీరు ఆలోచించాలి. పేకముక్కలు మారలేదు. నా అదృష్టం మారిందనుకోవడానికీ నాకు ఆధారం లేదు. నేను నేర్చుకున్నాను.

ఏం నేర్చుకున్నానో ఒక్క ఆటలో చెప్తాను. కిందటేడు ఒక శనివారం నా సెల్‌ఫోన్ స్నేహితుడు మా గదికి వచ్చాడు. ఆడడానికి కాదు, చూడడానికి. నా చేతిలో ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఎనిమిది. బల్ల మీద నాలుగు ముక్కలు పరిచి ఉన్నాయి: ఇస్పేటు రాజు, ఇస్పేటు మూడు, ఆటీను జాకీ, కళావరు నాలుగు. ఇంకొక్క ముక్క పడాలి. అది ఇస్పేటైతే నాకు అయిదు ఇస్పేట్లవుతాయి, ఆట నాది. కాకపోతే నా చేతిలో ఏమీ లేనట్టే. మధ్యలో ఆరు వందల విలువైన గింజలు పోగుపడి ఉన్నాయి. ఎదుటి కుర్రాడు తన దగ్గర మిగిలిన మూడు వందలూ ముందుకు తోశాడు. నేను కూడా మూడు వందలు పెడితే పోగు పన్నెండు వందలవుతుంది. అంటే నాలుగింట ఒక్కసారైనా గెలవగలిగితేనే ఆ మూడు వందలు పెట్టడం గిట్టుబాటు. నాకు కనిపించని ముక్కలు నలభై ఆరు, వాటిలో ఇస్పేట్లు తొమ్మిది. నూటికి ఇరవై కూడా లేదు. చేతిలో ముక్కలు కింద పెట్టేశాను.

పడాల్సిన ముక్క ఏదో చూద్దామని తిప్పారు. ఇస్పేటు ఆరు.

“చూసినవా! ఉంటే గెల్చేటోనివి” అన్నాడు నా స్నేహితుడు. నేను నోటుపుస్తకం తీసి, ఆ ఆట మొత్తం రాసి, చివర ‘సరైన నిర్ణయం’ అని రాసుకున్నాను. వాడు నా రాత అయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు. మెట్లు దిగేటప్పుడు మెల్లగా అన్నాడు: “మా తమ్మునికి ఇట్ల ముక్కలు కింద పెట్టుడు ఎవ్వరూ నేర్పలే.”

వాడు ఇప్పటికీ పేక ముట్టుకోడు. ముట్టుకోమని నేనూ అడగను. కానీ గౌరవ సభ్యులారా, ఆ మెట్ల మీద వాడికి అర్థమైన తేడా మీ చట్టంలో ఎక్కడుంది?

వాడి తమ్ముణ్ని ముంచింది పేకముక్క కాదు. ఫోన్‌లోని ఆ ఆటకు తలుపు లేదు, గడియారం లేదు, పక్కన చూసే మనిషి లేడు. ఒక ఆట పోయిన నిమిషానికే ఇంకో ఆట, ఇంకో అప్పు. మళ్లీ డబ్బు కట్టనివ్వని టోర్నమెంటు నడిచే తీరు వేరు. వచ్చేటప్పుడు ఒక్కసారి రుసుము కడతాం, అందరికీ సమానంగా చిప్స్ ఇస్తారు. ఆ చిప్స్‌కు బల్ల దాటితే పైసా విలువ ఉండదు. మధ్యలో లేచి డబ్బుగా మార్చుకుందామంటే కుదరదు. మా చింతగింజల లాంటివే అవి. పావుగంటకో అరగంటకో తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం పెరుగుతూ పోతుంది కాబట్టి ఏమీ చేయకుండా కూర్చునే వీలూ ఉండదు. చిప్స్ అయిపోయాయా, లేచి ఇంటికి పోవడమే. బాగా ఆడేవాళ్లు కూడా ఎక్కువసార్లు ఉత్త చేతులతోనే లేస్తారు, ఎందుకంటే వచ్చినవాళ్లలో సుమారు ఎనిమిదో వంతుకే బహుమతులుంటాయి. ఓడిపోయి లేవడం, దాన్ని ఓపికగా భరించడం, ఇంటికొచ్చి ఎక్కడ తప్పు చేశానో వెతుక్కోవడం: ఆరేళ్లలో నేను ఎక్కువ కాలం చేసిన పని ఇదే.

పోగొట్టుకోవడానికి పరిమితే లేని ఆటనూ, ఎంత పోతుందో కూర్చోకముందే తెలిసే ఆటనూ ఒకే మాటతో పిలిచే అధికారం మీకుంది. అట్లా పిలవడం న్యాయమా అన్నదే నా ప్రశ్న.

పేకాటల్లో నైపుణ్యానికీ అదృష్టానికీ మధ్య తేడాను మన దేశానికి నేర్పిన కేసు మన ఊరిదే. 1963 మే 4న సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. అక్కడ ఆడుతున్నది రమ్మీ. 1305 ఫసలీ నాటి హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు రమ్మీని మూడు ముక్కలాట నుంచి వేరు చేసింది. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం. రమ్మీలో పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అంది. ఆ తర్వాత ఈ దేశంలో ఆటల మీద జరిగిన ప్రతి పెద్ద వాదనలోనూ న్యాయవాదులు ఎత్తిచూపుతున్నది సికింద్రాబాద్ క్లబ్బు కేసునే. నిజాం కాలపు చట్టం కూడా నైపుణ్యానికి చోటు విడిచింది. స్వతంత్ర భారతంలో 1974 నాటి చట్టమూ విడిచింది. మన సొంత రాష్ట్రం వచ్చిన మూడేళ్లకే ఆ చోటు మూసుకుపోవడం ఏమిటి?

పోకర్ సంగతి రమ్మీ అంత తేలికగా తేలలేదు, ఒప్పుకుంటాను. గుజరాత్ హైకోర్టు 2017లో దాన్ని జూదమే అంది. కర్ణాటక హైకోర్టు 2022లోనూ మద్రాసు హైకోర్టు 2023లోనూ నైపుణ్యం వైపు నిలబడ్డాయి. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టంలోనే బ్రిడ్జి, రమ్మీల సరసన పోకర్ పేరు కూడా రాసి మినహాయించింది. మన రాష్ట్రంలో ఈ ప్రశ్న మీద ఎవరైనా కూర్చుని ఆలోచించారా? ఈ ఆట గురించి తెలిసిన ఒక్క గణిత అధ్యాపకుణ్నయినా పిలిచి అడిగారా?

ఆబిడ్స్‌లో ఆదివారం పొద్దున మూసిన దుకాణాల ముందు పుస్తకాలు పరుస్తారు. మీలో చాలామంది చదువుకునే రోజుల్లో అక్కడ వంగి వెతికినవాళ్లే అయి ఉంటారు. టోర్నమెంట్ పోకర్ మీద డాన్ హారింగ్టన్ రాసిన పుస్తకం మొదటి భాగం నాకు అక్కడే, కాంపిటీటివ్ పరీక్షల గైడ్ల కింద దొరికింది. రాసినాయన ఎవరో అప్పటికి తెలియదు. తర్వాత తెలిసింది: లాస్ వేగాస్‌లో ఏటా జరిగే ప్రపంచ పోటీల ప్రధాన టోర్నమెంటును 1995లో గెలిచాడు. 2003లో 839 మందిలో మూడో స్థానం. ఆ మరుసటేడే 2,576 మందిలో నాలుగో స్థానం. వరసగా రెండేళ్లు ఒకే మనిషి చివరి తొమ్మిది మందిలో! కేవలం అదృష్టమే అయితే ఒక మనిషికి అట్లా జరిగే అవకాశం ఎంతని ఆ పుస్తకం వెనక అట్ట మీద లెక్కేసుకున్నాను. దాదాపు 26,700లో ఒకటి వచ్చింది. లెక్కలు రాసి బతికేవాణ్ని, ఆ అంకె చూశాక నాకు ఈ ఆట మీద గౌరవం కలిగింది.

కంప్యూటర్ల సంగతి చూడండి. చదరంగంలో కాస్పరోవ్‌ను యంత్రం 1997లోనే ఓడించింది. ఆరుగురు కూర్చున్న పోకర్ బల్ల మీద మేటి ఆటగాళ్లను గెలవడానికి మాత్రం ఇంకో 22 ఏళ్లు, 2019 దాకా, పట్టింది. చదరంగంలో అంతా కళ్లెదుటే ఉంటుంది. ఇందులో ఎదుటివాడి ముక్కలు కనిపించవు, వాడు ఏం దాస్తున్నాడో అంచనా వేయాలి. ఫాన్ నాయ్‌మన్, మార్గెన్‌స్టెర్న్ కలిసి 1944లో ఆటల సిద్ధాంతం మీద పుస్తకం రాసినప్పుడు, బ్లఫ్‌ను అర్థం చేసుకోవడానికి పోకర్‌నే తీసుకుని లెక్కలు కట్టారు. అర్థశాస్త్రం చదివే పిల్లలకు ఇవాళ మన విశ్వవిద్యాలయాల్లో చెప్పే ఆటల సిద్ధాంతం పాఠాలకు ఆ పుస్తకమే మూలం.

పేక అనగానే మా అమ్మ ధర్మరాజును గుర్తుచేసేది. రాజ్యం పోయింది, తమ్ములు పోయారు, ద్రౌపది పోయింది అని. నిజమే. కానీ అరణ్యపర్వంలో, అన్నీ పోగొట్టుకుని అడవిలో కూర్చున్న ఆ ధర్మరాజుకే బృహదశ్వుడు నలుడి కథ చెప్తాడు. పాచికల్లో రాజ్యం పోగొట్టుకున్న నలుడు ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. ఆ రాజు రథం మీద పోతూ పోతూ ఒక తాండ్రచెట్టుకు ఎన్ని ఆకులు, ఎన్ని కాయలు ఉన్నాయో చూపుతోనే లెక్క చెప్తాడు. ఆ లెక్క విద్యను, అక్షహృదయాన్ని, నలుడు నేర్చుకుంటాడు. నేర్చుకున్నాకే మళ్లీ ఆడి రాజ్యం తెచ్చుకుంటాడు. కథ అయ్యాక బృహదశ్వుడు ఆ అక్షహృదయాన్ని ధర్మరాజుకు కూడా ఉపదేశిస్తాడు. మన పెద్దలు పాచికల వల్ల వచ్చిన కీడునూ దాచలేదు, పాచికల వెనక ఉన్న విద్యనూ దాచలేదు. మరి మనం ఒక్క సగమే ఎందుకు గుర్తుపెట్టుకున్నాం?

ఇప్పుడు మీ నిర్ణయం వల్ల ఏం జరుగుతున్నదో చెప్తాను. హైదరాబాద్‌లో రుసుము కట్టి టోర్నమెంటు ఆడడానికి వీల్లేదు కాబట్టి నేను గోవా వెళ్తాను. అక్కడ మాండవి నది మీద కాసినో ఓడలున్నాయి. పోకర్ బల్లల దగ్గరికి చేరేలోపు రూలెట్ చక్రాలు, బాకరా బల్లలు, నాణెం వేస్తే గిర్రున తిరిగే యంత్రాలు దాటుకుని పోవాలి. అవన్నీ ఇల్లు గెలిచేలా కట్టిన ఆటలు. ఎంత చదివినా వాటిలో మెరుగుపడే దారి లేదు. నాతో ఒకసారి వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడు పోకర్‌లో ఓడి లేచి, రైలుకు ఇంకా నాలుగు గంటలుందని, ఆ చక్రం ముందు కూర్చున్నాడు. పక్కన కూర్చుని లేపుకుని రావడానికి నాకు గంట పట్టింది. ఆ గంటసేపు నేను మీ గురించే ఆలోచించాను. జూదం నుంచి కాపాడతామని చేసిన చట్టం ఈ పిల్లవాణ్ని జూదం నడిబొడ్డున కూర్చోబెట్టింది కదా అని.

అదే కుర్రాడికి గది పోయిన సంగతి చెప్తే, “పర్లేదన్నా, ఫోన్‌లో ఏదో ఫారిన్ సైట్ ఉందట” అన్నాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ, నైపుణ్యం ఉందా లేదా అని చూడకుండా నిషేధించిన తర్వాత వాడు అన్న మాట ఇది. ఆ చట్టం ఆడేవాళ్లను శిక్షించదు. ఆడించేవాళ్లను, ప్రచారం చేసేవాళ్లను, డబ్బు చేరవేసేవాళ్లను శిక్షిస్తుంది. దాని మంచిచెడ్డలు సుప్రీంకోర్టు ముందున్నాయి, నేను వాటి జోలికి పోను. ఫోన్‌లో ఆట సంగతి ఢిల్లీ చూసుకుంటానంది. గదిలో బల్ల సంగతి మాత్రం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా, 34వ అంశంగా, మీ చేతుల్లోనే పెట్టింది. పదిమంది కళ్ల ముందు, లైటు వెలుగులో, పెద్దవాళ్లు పక్కన ఉండి నేర్పే బల్లను మూయించి, ఆ కుర్రాణ్ని ఒంటరిగా ఫోన్ ముందుకు పంపితే ఎవరికి మేలు జరిగింది?

నాంపల్లి నుంచి మలక్‌పేట ఎంత దూరం? రేసుకోర్సులో గుర్రాల మీద పందేలు చట్టబద్ధంగానే సాగుతాయి. ఆ గుర్రాన్ని పందెం కాసినవాడు పెంచలేదు, ఎక్కలేదు. గుర్రాల గురించి చదివి అంచనా వేయడం నైపుణ్యమేనని 1996లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. దాంతో నాకు పేచీ లేదు. ఇంకొకరి గుర్రం గురించి చేసే అంచనా నైపుణ్యమైతే, నా చేతిలోని ముక్కల గురించి నా బుర్రతో నేను వేసే అంచనా నేరం ఎట్లా అవుతుంది? 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జి ఆడి ప్రణబ్ బర్ధన్, శివ్‌నాథ్ సర్కార్ బంగారు పతకం తెచ్చారు. ఒకరికి అరవై ఏళ్లు, ఒకరికి యాభై ఆరు. దేశం జెండా ఎగరేసిన ఆ రోజు వాళ్ల చేతుల్లో ఉన్నవీ ఈ యాభై రెండు ముక్కలే కదా? అదే 2018లో నికితా లూథర్ ప్రపంచ పోకర్ పోటీల్లో పతకంగా ఇచ్చే బ్రేస్‌లెట్ గెలిచింది, భారతీయ మహిళల్లో మొదటిది. ఆమె కథ చదివే మా గదికి ఒక లెక్కల టీచరమ్మ వచ్చింది. ఆరు నెలల్లో మా అందరికంటే బాగా ఆడడం మొదలుపెట్టింది. మా బల్ల దగ్గర మగవాళ్లకు ఉండే తొందర ఆమెకు ఉండేది కాదు. ఇప్పుడు ఆమె ఏ గదికి పోవాలి?

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. పందెం లేకుండా, చిప్స్‌తోనో చింతగింజలతోనో, ఇంట్లోనో క్లబ్బులోనో గ్రంథాలయంలోనో కార్డులాట ఆడుకోవడం నేరం కాదని చట్టంలో ఒక్క వాక్యం రాయండి. చట్టం సవరించడానికి టైం పడుతుందంటే, హోం శాఖతో అన్ని పోలీసు స్టేషన్లకూ ఒక ఉత్తర్వు పంపించండి. ఆ కాగితం చేతిలో ఉంటే మా ఇంటాయన రాత్రిపూట నిద్రపోతాడు. ఆ తర్వాత, తొందరేమీ లేదు, నైపుణ్యపు ఆటల టోర్నమెంట్లకు లైసెన్సుల పద్ధతి గురించి ఒక కమిటీ వేసి ఆలోచించండి. రుసుముకు గట్టి పరిమితి పెట్టండి. కొన్ని టోర్నమెంట్లలో ఉన్నట్టు ఓడినవాడు మళ్లీ డబ్బు కట్టి కూర్చునే వెసులుబాటు ఉండకూడదు. ముంచేది ముఖ్యంగా అదే. నిర్వహించేవాడు ఆటలోంచి వాటా తీసుకోకూడదు. ఇరవై ఒక్కేళ్లు నిండనివాళ్లను రానివ్వకండి. ఎవరు ఎన్నిసార్లు వచ్చారో రిజిస్టరులో రాయించండి, హద్దు దాటినవాణ్ని ఆపించండి. నన్ను కూడా ఆపించండి. జగదీశ్ మార్కెట్ స్నేహితుడి తమ్ముడి లాంటి వాళ్లు అప్పుల్లో మునిగి ఎవరికీ చెప్పుకోలేక తిరుగుతుంటే వెళ్లి మాట్లాడడానికి ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక మనిషిని కూర్చోబెట్టండి. నిషేధం పెట్టి ఇన్నేళ్లయింది, ఆ పని ఇప్పటిదాకా ఎందుకు జరగలేదు?

మూడు ముక్కలాట స్థావరాలను మూయించడానికి మీరు పోలీసులను పంపితే నేను చప్పట్లు కొడతాను. పండగ జీతం మొత్తం ఒక్క రాత్రిలో పోగొట్టుకుని పొద్దున ఇంటికొచ్చిన మనుషులు మా సందులోనే ఉన్నారు, వాళ్ల ఇళ్లలో పిల్లల ముఖాలు నేను చూశాను. మీరు ఆ ఇళ్లను కాపాడాలి. కాపాడడానికి మీకు కత్తి ఇచ్చాం. ఏ కొమ్మ కొడుతున్నామో చూడకుండా ఆ కత్తి ఆడిస్తే, చెట్టు నీడలో కూర్చున్నవాళ్ల గతేమిటి?

నాంపల్లి క్రిమినల్ కోర్టుల ముందు నుంచి నేను రోజూ దుకాణానికి నడిచి పోతాను. గది ఖాళీ చేసిన తర్వాతి సోమవారం ఆ గేటు ముందు నిలబడి, ఒకవేళ నిజంగానే ఎవరో ఫోన్ చేసి ఉంటే, మా టీచరమ్మ, రిటైరైన రైల్వే గుమాస్తా, ఆ ఇంజనీరింగ్ కుర్రాడు, ఇంటాయన అక్కడ వరసలో నిలబడి ఉండేవాళ్లా అని ఆలోచించాను. ముందు బల్ల మీద ఒక గుడ్డసంచి, అందులో రెండు వందల పదహారు చింతగింజలు. ఆ ఫొటో కింద ఏమని రాసేవాళ్లు?

వచ్చే సమావేశాలప్పుడు మీలో ఎవరికైనా ఒక్క సాయంత్రం తీరిక ఉంటే, పార్టీ ఏదైనా సరే, మాతో ఒక్క గంట కూర్చోండి. ఆడాల్సిన పని లేదు, చూస్తే చాలు. ముక్కలు ఎప్పుడు కింద పెట్టాలో టీచరమ్మ చెప్తుంది. నా స్నేహితుణ్ని కూడా పిలుస్తాను, వాడు పోకర్‌కు వ్యతిరేకంగా మాట్లాడతాడు, అదీ వినండి. గింజలు, పేక, నోటుపుస్తకాలు నేనే తెస్తాను. గది మాత్రం మా దగ్గర లేదు. ఎక్కడ కూర్చోవచ్చో మీరే చెప్పాలి.

ఇట్లు,
నాంపల్లి నుంచి మీ ఓటరు